సగటులో కనబడని వదిన

పొద్దున్నే ఆడపడుచు అందించిన మంచినీళ్ల గ్లాసుతో వదిన పెదాలు మాత్రం తడుపుకుని పక్కన పెట్టేసింది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది వదినా? నీళ్లు తాగకపోతే ఆ మూత్రంలో మంట మళ్లీ తిరగబెడుతుందని కదా?"

"తాగితే లేవాలి. లేస్తే నా మిషను దగ్గర కూర్చునేదెవరు, మీ అన్నయ్యా?" అని నవ్వుతూ చెప్పులేసుకుంది వదిన.

ఆ నవ్వు చూసి మోసపోకండి. బట్టల ఫ్యాక్టరీలో ఆమె కాలర్లు కుడుతుంది. ఆమె లేస్తే వరుసంతా ఆగిపోతుంది, సూపర్‌వైజర్ నోరు లేస్తుంది. అందుకే అక్కడ మిషన్ల ముందు కూర్చునే ఆరుగురు ఆడవాళ్లూ సాయంత్రం దాకా మూత్రానికి వెళ్లరు. మధ్యాహ్నం దాటితే మోకాళ్లు దగ్గరకు నొక్కుకుని, గోడ గడియారం వైపు చూస్తూ కుడతారు. ఈ బాధ పైకి చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడతారు. నిజానికి సిగ్గుపడవలసింది మనం.

ఆడపడుచు ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే గుమాస్తా. మనిషి సగటున రోజుకు రెండుసార్ల కంటే తక్కువ లేస్తుంటే, మిషను దగ్గర బదులు కూర్చోడానికి ఒకరిని పెడతానని మేనేజరు మాటిచ్చి, లెక్క ఆమెకు అప్పగించాడు. ఆమె వదిన వరుసలోని పదిమంది దగ్గరా రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారో రాసిన, పేర్లు లేని చీటీలు తెప్పించి, కాలేజీలో నేర్చుకున్నట్టే తరగతులు చేసింది. సున్నా నుంచి నాలుగుసార్ల లోపు ఆరుగురు, నాలుగు నుంచి ఎనిమిది లోపు నలుగురు. మధ్యవిలువలు రెండు, ఆరు. గుణించి, కూడి, పదితో భాగిస్తే మూడు పాయింట్ ఆరు వచ్చింది.

"బాగానే తిరుగుతున్నారే," అన్నాడు మేనేజరు. "మీ వదినదీ ఈ వరుసే కదా. ఇంకా బదులు మనిషెందుకమ్మా?"

ఆమెకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆఫీసు కిటికీ అద్దం అవతల వదిన కాలు ఆగకుండా ఊగుతోంది. పొద్దున పక్కన పెట్టేసిన గ్లాసు గుర్తొచ్చింది. గబగబా చీటీలు మళ్లీ విప్పింది. ఆరు చీటీల మీదా సున్నాలే. అసలు లేవని వాళ్లను తన పట్టిక తలా రెండుసార్లు లేపి కూర్చోబెట్టింది.

"సార్, తరగతులు వదిలేసి, చీటీల మీది అంకెలే కలిపి చూడండి. ఆరు సున్నాలు, నాలుగు నాలుగులు. సగటు ఒకటి పాయింట్ ఆరే."

"పుస్తకంలో పద్ధతి అదే కదా?"

"అదే సార్. కానీ ఆ పద్ధతి అందరూ మధ్యలో ఉన్నారనుకుంటుంది. వీళ్లు అడుగున ఉన్నారు. నాలుగేసిసార్లు వెళ్లేది కత్తిరింపు బల్ల దగ్గర నిలబడే మగవాళ్లు. వాళ్లను ఆపేవాళ్లు లేరు."

మేనేజరు చీటీలను ఒక్కొక్కటిగా చూశాడు. ఆరో సున్నా దగ్గర ఆగి, "రేపట్నుంచి మనిషిని పెడతాను," అన్నాడు.

ఇంట్లో సంగతి విని వదిన పగలబడి నవ్వింది. "ఒకటి పాయింట్ ఆరు సార్లా? ఆ పాయింట్ ఆరు ఎలా వెళ్లాలే తల్లీ?"

ఆడపడుచు నవ్వలేకపోయింది. "అలా వెళ్లిన మనిషి మీ వరుసలో ఎవరూ లేరు వదినా. ఉన్నది నువ్వూ, నీ సున్నా."

మర్నాడు వదిన గ్లాసెడు నీళ్లూ గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగింది. సగటు కట్టే ప్రతి ఒక్కరికీ ఒక్క మాట: కలిపే ముందు ఆ సున్నా ఎవరిదో అడిగి తెలుసుకోండి.