సంగమ్మ ఎంబడి ఎండ

పొద్దుగాల ఇస్నాపూర్ కాడ షేర్ ఆటో ఎక్కేటప్పుడు సంగమ్మ పక్కన కూసోనీకి ఆడోళ్లు కొట్లాడుకుంటరు. వానకాలమైతే మరీ. ఆమె ఎక్కిన ఆటోల ఎవలి చీరె తడువది, ఎవలి సద్ది డబ్బల నీళ్లు పడవు. పటాన్‌చెరు దాక రోడ్డంత బురద అయినా సరే, ఆ ఒక్క ఆటో మీద మాత్రం ఎండ పడుతుంటది. "అక్కా, జెర జరుగు" అనుకుంట ఇరికిరికి కూసుంటరు. సంగమ్మ జరుగుతది, ఇంకా జరుగుతది, ఆఖరికి సగం బయటనే ఉంటది.

సంగమ్మ ఉన్న జాగల మబ్బు నిలువది. అదంతే. కొందరికి ఎడమచెయ్యి వాటం ఉంటది, కొందరికి పిల్లికండ్లు ఉంటయి, ఈమెకు ఎండ ఉంది. వాళ్లమ్మ నర్సింహమ్మ ఆమెను కన్ననాడు గుడిసె కప్పు కారుతుండెనట. పొత్తిళ్లు సుత తడిసి పిల్ల నీలంగయితుంటే, "నా బిడ్డ మీద జెర ఎండ కొట్టు తండ్రీ" అని మొక్కిందట. ఆ దేవునికి జెర అంటే ఎంతనో తెల్వలేదు.

ఇస్నాపూర్‌ల ఆమెకు అందరు దోస్తులే. ఇంటి ఓనరు కౌసల్యమ్మ ఆమెను అర్ర ఖాళీ చెయ్యనియ్యదు. శ్రావణంల మిరపకాయలు ఎండవోసుకునే భాగ్యం ఆ గల్లీకి తప్ప ఇంకెవలికుంది? చుట్టుపక్కల పొలాలన్నీ ఎప్పుడో ప్లాట్లయినయి గన్క, వాన రాలేదని ఏడ్చెటోళ్లు సుత లేరు.

ఏడ్చెటోళ్లు పుట్టింట్ల ఉన్నరు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల చిన్న ఊరు, చెర్వు కింద ఇంత పొలం. తొలకరి పడ్డదంటే సంగమ్మ ఆ ఊరి పొలిమేర తొక్కొద్దు. ఆమె ఒక్క దినం నిలిస్తే మబ్బు ఊరే ఇడిసిపోతదని అందరి భయం. ఎవలు తిట్టి చెప్పలేదు, కొట్టి చెప్పలేదు. వాళ్లన్న మొగులయ్యనే నవ్వుకుంట, "నాట్లు పడనియ్యి సంగీ, చెర్వు నిండనియ్యి" అంటడు. బతుకమ్మకు ఆడబిడ్డలంత పుట్టింటికి పోతే, సంగమ్మ మాత్రం కిరాయి అర్ర ముందల తంగేడు పూలు పేర్చుకొని, ఒక్కతే చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టుకునేది. పంట ఇంటికొచ్చినంకనే ఆమెకు పిలుపు. పోంగనే తల్లి ఒళ్లె వెట్టుకొని ఒకటే మాట అనేది.

"అందరి తల్లులు 'వానల తడువకే, సర్దయితది' అని పిల్లలను తిడ్తరు బిడ్డా. నాకా భాగ్యం సుత లేకపాయె."

"ఇప్పుడు తిట్టరాదే" అని సంగమ్మ నవ్వేది.

"తడువని పిల్లను ఏమని తిట్టాలె?"

సంగమ్మ పనిచేసేది పటాన్‌చెరుల సోలార్ కంపెనీల. ఎండలకెల్లి కరెంటు తీసే పలకలు అక్కడ తయారయితయి. వాటిని పెరట్ల ఎండకు వెట్టి, ఎంత కరెంటు వస్తుందో మీటరుల చూస్తరు. పేరుకు సంగమ్మ అద్దాలు తుడిచే మనిషి. అసలు పని అక్కడ ఉండుడే. మిగిలిన కంపెనీలు వానకాలం చేతులు ముడుచుకొని కూసుంటే, ఈ పెరట్ల మీటరు ముల్లు దిగేది కాదు.

మేనేజరు రామలింగేశ్వరరావు కోస్తా మనిషి. సర్కారు ఫ్యాక్టరీల పక్కా నౌకరి ఇడిసిపెట్టి ఈ కంపెనీకి వచ్చినందుకు వాళ్లింట్ల ఇప్పటికీ లొల్లేనట. చాయ్ తాగేటప్పుడల్లా పెరట్లకొచ్చి సంగమ్మకు చెప్పేటోడు. వినెటోళ్లు ఇంకెవలు లేరు మరి.

"బొగ్గు తవ్వితే అయిపోద్ది సంగమ్మా. ఎండ అయిపోద్దా? కొన్నేళ్ళు పోనీ, మన దేశంలో ప్రతి ఇంటి మీదా ఇవే ఉంటాయి. అవి మన చేతులతో చేసినవి అవ్వాలి. బయటినుంచి కొనుక్కున్న ఎండ మనకెందుకు చెప్పు?"

"మా అమ్మ ఇంటి మీద సుత ఉంటదా సార్? వానకాలం కరెంటు పోయిందంటే ముసల్ది చీకట్ల తడుముకుంటది."

"మొట్టమొదటిది మీ అమ్మ ఇంటి మీదే పెడదాం."

సంగమ్మ ఆ మాటను తల్లికి చెప్పింది. నర్సింహమ్మ ఊరంత చెప్పుకున్నది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. నారు ఎండి పసుపు రంగుకు మారింది. గప్పుడే నర్సింహమ్మ మంచం పట్టింది. సంగమ్మ ఎస్టీడీ బూతు కాడికి ఉరికి ఫోన్ చేస్తే మొగులయ్య మాట్లాడిండు. "ఇయ్యాల్నో రేపో వాన పడేటట్టుంది సంగీ. నాట్లు పడంగనే నేనే వచ్చి తోల్కపోత. అమ్మకేం కాదు." సంగమ్మ ఒప్పుకున్నది. ఒప్పుకోక ఏం జేస్తది? ఊరంతటి నోటికాడి కూడు అది.

కంపెనీల సుత బాధ మొదలైంది. బయటి దేశాల పలకలు సగం ధరకే దిగుతున్నయి. ఊళ్లల్ల వీధి దీపాల ఆర్డరు ఒకటి ఉంది, అది దొరికితే కంపెనీ నిలుస్తది, లేకుంటే తాళమే. ఆ ఆర్డరు ఇచ్చెటందుకు ఢిల్లీ సార్లు పలకలను చూడనీకి వస్తున్నరు. ఢిల్లీ సార్లకు కార్తెలేంది, వానలేంది? నడి వానకాలంల వస్తమన్నరు. "ఆ రోజు మాత్రం ఎక్కడికీ వెళ్ళకమ్మా" అని రావు సారు రెండు చేతులు పట్టుకున్నంత పని చేసిండు.

వాళ్లు వచ్చిన్రు. అంతటా ముసురు పట్టి ఉంది, పెరట్ల మాత్రం ఫెళ్లున ఎండ. సార్లు ఆఫీసుల చాయ్ తాగుతున్నరు, తాగినంక మీటరు చూస్తరు. సంగమ్మ ఆఖరి అద్దం తుడుస్తుంటే గేటు కాడ మొగులయ్య కనవడ్డడు. నెత్తి మీద గొంగడి, కాళ్లకు మోకాళ్ల దాక బురద. ఆమెను చూసినంక గొంగడి తీసిండు. ఆమె ముందల గొంగడి ఎందుకు?

సంగమ్మ నవ్వుకుంట ఉరికింది. "అన్నా, నాట్లు పడ్డయా? అమ్మ పిలుస్తున్నదా?"

మొగులయ్య నేల దిక్కు చూసిండు. "అమ్మ మొన్న పోయిందే."

మొగులయ్యనే మళ్ల అందుకున్నడు.

"మొన్నటికెల్లి వాన ఆగుతలేదు. కట్టెలన్నీ నాని ఉన్నయి. కిరసనాయిలు పోసినా అంటుకుంటలేదు. పీనిగ ఇంట్లనే ఉంది సంగీ. ఎంతని ఉంచుతం? నువ్వొస్తెనే..."

"గిప్పుడు నేను కావాల్సి వచ్చిన్నా అన్నా?" అన్నది సంగమ్మ. "బతికుండంగ ఒక్క వానకాలం పిల్వకపోతివి. కాల్చనీకి పిలుస్తున్నవా?"

మొగులయ్య గేటు సీకులు పట్టుకొని చిన్న పోరని లెక్క ఏడ్చిండు. అన్న ఏడ్చుడు చూసి సంగమ్మకు కోపం సుత నిలువలేదు.

వాచ్‌మన్ యాదన్న గేటు తీయలేక నిలబడ్డడు. అతని కొడుకు, కోడలు సుత ఇక్కడనే పని. "అక్కా, ఒక్క గంటాగి పోతే..." అని నోటి దాక వచ్చింది, మింగిండు. రావు సారు అప్పటికే బయటికొచ్చి అంత విన్నడు. ఆఫీసు దిక్కు ఒకసారి చూసిండు.

"వెళ్ళమ్మా. వాళ్ళని రేపటిదాకా నేను ఆపుతాను. కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను. పొద్దున్నే వచ్చేస్తావుగా?"

"వస్త సార్."

ఆమె గేటు దాటింది. వెనుక పలకల మీదికి మబ్బు వచ్చి కమ్ముకున్నది.

ఊరి పొలిమేరల జనం ఎదురొచ్చిన్రు. ఇన్నేండ్లు ఆమెను రావద్దన్నోళ్లే దారి ఇచ్చిన్రు. ఆడోళ్లు కాష్టం కాడికి పోవద్దంటరు గని ఆనాడు ఎవలు అడ్డం రాలేదు. ఎట్ల వస్తరు? సంగమ్మ తల్లి కాళ్ల కాడ నిలబడ్డది. కట్టెలకెల్లి ఆవిరి లేసింది, మెల్లమెల్లగ ఎండినయి. మొగులయ్య నిప్పు పెడితే ఈసారి అంటుకున్నది. చుట్టూ పొలాల మీద ధారలుగ వాన, నడుమ ఇంత ఎండల తల్లి కాలుతున్నది. "నీ బిడ్డ వచ్చిందే అమ్మా, వానకాలంలనే వచ్చిందే" అని సంగమ్మ గుండెలు బాదుకున్నది.

మంట సల్లారే దాక ఎవలు కదలలేదు. సల్లారినంక పెద్దమనుషులు ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. మొగులయ్యనే చెప్పవలసి వచ్చింది. "సంగీ... సగం నాట్లు ఇంకా పడలేదే..."

"పోతున్న అన్నా" అన్నది. మూడోనాడు పిట్టకు పిండం పెట్టేటప్పుడు ఉండనిస్తరా అని అడగాలనుకున్నది, అడగలేదు.

ఊరు దాటి సంగారెడ్డి రోడ్డు మీదికి వచ్చేసరికి చేతి మీద ఏందో సల్లగ తగిలింది. తుడుచుకున్నది. ఇంకోటి చెంప మీద పడ్డది. ఏడుస్తున్నగద, కండ్ల నీళ్లే అనుకున్నది. అంతలనే ముంగటి మలుపు కాడికెల్లి వాన ఉరికొచ్చి ఆమెను నిలువునా తడిపింది. తల్లి మొక్కిన మొక్కు తల్లి కాష్టంతోనే పోయింది.

తెల్లారి కంపెనీల ఢిల్లీ సార్లు వరండల కూసొని గడియారాలు చూస్తున్నరు. రావు సారు వాళ్లను ఎట్ల ఆపిండో ఆ దేవునికే ఎరుక. వర్కర్లంత షెడ్డు ముందల నిలబడి గేటు దిక్కే చూస్తున్నరు. షేర్ ఆటో ఆగింది. దిగిన ఆడోళ్లంత తడిసి ముద్దయి ఉన్నరు. ఆఖరుకు సంగమ్మ దిగింది. జడకెల్లి నీళ్లు కారుతున్నయి.

యాదన్న కండ్లు మూసుకున్నడు. రావు సారుకు ఎవలు ఏం చెప్పాల్సిన పని లేకపోయింది.

సంగమ్మ ఎవలి దిక్కు చూడకుంట పెరట్లకు పోయి, గుడ్డ తీసుకొని అద్దాలు తుడువ మొదలువెట్టింది. తుడిచిన కాడ మళ్ల తడుస్తున్నది. మళ్ల తుడుస్తున్నది. వరండలకెల్లి ఢిల్లీ సార్లు లేచి కారు ఎక్కిన చప్పుడు వినవడ్డది. అయినా తుడుచుడు ఆపలేదు.

"సార్," అన్నది తల ఎత్తకుంటనే, "మా అమ్మ ఇంటి మీద పలక పెడతమన్నరు గదా. ఇగ వద్దు సార్. నేను ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడు మా ఊరికి పోవచ్చు. ఎవలున్నరని పోవాలె?"

రావు సారు తన గొడుగు తెచ్చి ఆమె నెత్తి మీద పట్టిండు. ఆయన సగం తడుస్తున్నడు. కంపెనీ పోయింది, ఆయన కల పోయింది, అయినా ఆయన నోట్లకెల్లి వచ్చింది ఒక్క మాటే.

"వానలో తడవకమ్మా. జలుబు చేస్తుంది."

పుట్టినకాడికెల్లి ఆమెకు ఆ మాట చెప్పినోళ్లు లేరు. సంగమ్మ చేతిలున్న గుడ్డ జారిపోయింది. ఆ పలకల నడుమ కూలబడి, "అమ్మా" అని ఏడ్చింది.