కుట్టులోకి పోయిన పేరు

మార్చి పద్నాలుగో తేదీ. రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిని కోర్టుకు బయల్దేరాను. మర్నాడు కోర్టు అమీనా వచ్చి నా కట్టింగ్ మిషను జప్తు చేసుకుపోవాలి. అది పోతే నా బైండింగు షాపు లేనట్టే. అయినా ఆ పొద్దున నాకు ఆకలి వేసింది. అదీ ఒక మేలే.

పక్క షాపు రేకులాయన మీద ఉమ్మడి గోడ గురించి నేను దావా వేసి ఓడిపోయాను. ఆయన ఖర్చులు నేను కట్టాలని తుది ఉత్తర్వు వచ్చింది. అందులో సగానికి పైగా, గోడ కొలిచిన సర్వేయరు ఫీజు. నిజానికి ఆ ఫీజు కట్టింది నేను. ఆయన లాయరు వేసిన ఖర్చుల పట్టీ నాకు వచ్చిన వారం నా భార్య ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉంది. ఆ కవరు విప్పనే లేదు. అప్పీలు గడువు దాటిపోయింది.

ముందురోజే లాయరయిన నా మేనకోడలు కోర్టు రికార్డు గదికి వెళ్లి ఫైలు చూసి వచ్చింది.

"రసీదు ఉంది మావయ్యా. కట్టినవాళ్ల పేరున్న అంచు మాత్రం కుట్టులోకి పోయింది. అందుకే లెక్కకట్టిన గుమాస్తాకి కనబడలేదు."

"ఎవడా కుట్టింది?"

"కోర్టు ఫైళ్లు కుట్టే కాంట్రాక్టు ఎవరిదీ?"

నాదే. తీర్పు వచ్చాక, ఖర్చులు లెక్కకట్టే లోపు, ఆ నెల ఫైళ్లన్నీ మూటగా నా దగ్గరికే వచ్చాయి. చూడకుండా బిగించి పారేశాను.

"నీ కుట్టు ఊడదని అందరికీ చెప్పుకుంటావుగా. రేపు జడ్జిగారికీ చెప్పు," అంది. నవ్వుతూనే అర్జీ రాసింది.

కోర్టులో జడ్జిగారు ముందే తేల్చేశారు. "తుది ఉత్తర్వును మళ్లీ విచారించను."

"అడగడం లేదండీ," అంది మేనకోడలు. "రికార్డులోనే ఉన్న పొరపాటు దిద్దమంటున్నాం. అంతవరకు జప్తు ఆపమంటున్నాం."

"పొరపాటు ఎవరిది?"

నేను లేచాను. "నాదండీ. కుట్టింది నేను. అనుమతిస్తే విప్పేదీ నేనే."

ఆయన కళ్లద్దాల మీదుగా చూసి, కత్తెర తెప్పించారు. నాలుగు ముళ్లు తెంపాను. కాగితం వెనక్కి విచ్చుకుంది. అంచున నా పేరు, నా సంతకం ఉన్నాయి.

"ఈ ఫీజు నువ్వు కట్టావా?" అని రేకులాయన్ని అడిగారు.

ఆయన లాయరు నోరు తెరిచేలోపే, "లేదండీ. ఆయనే కట్టాడు," అన్నాడు రేకులాయన.

జడ్జిగారు సర్వేయరు ఫీజును ఖర్చుల లెక్కలోంచి కొట్టేశారు. జప్తు ఆపారు. మిగతా ఖర్చులు ఆరు వాయిదాల్లో కట్టమన్నారు. తీర్పులో ఒక్క అక్షరం కదల్లేదు. గోడ ఆయనదే. అది న్యాయమే.

సాయంత్రం రేకులాయన నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"లాయరు రాసిన ఖర్చుల పట్టీ మీద చదవకుండా సంతకం పెట్టానన్నయ్యా."

"నేను కవరే విప్పలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాం."

"మరి ఫైలు మళ్లీ కుట్టాలిగా?"

"కుట్టాలి. ఈసారి కాస్త అంచు వదిలి."

ఆయన నవ్వాడు. నేను కాగితాల కట్ట ఒకటి మిషను కింద పెట్టి పిడి దించాను. కత్తి శుభ్రంగా దిగింది. కట్ట పూర్తయ్యేదాకా చూసి, ఆయన తన షాపు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి తాళం పెట్టుకున్నాడు.