వాకింగ్ లేదు

జయమణికి షుగరు వచ్చి ఏడాదిన్నర. ఈ ఏడాదిన్నరలో ఆమెకు ఒక్క సంగతీ తిన్నగా అర్థమై చావలేదు. అర్థమైంది ఒక్క భయమే. షుగరు తగ్గకపోతే కాళ్ళకు ముప్పన్నారు. పెద్దాడపడుచుకు అలాగే పాదం తీసేశారు. కాళ్ళు లేని కూలిమనిషిని ఏ ముఠా పనికి పిలుస్తుంది?

నందిగామలో ఒక ట్రస్టు వాళ్ళు నెలకోసారి షుగరు రోగులను చూస్తారు. జయమణి ఆ రోజు పని మానుకుని, వీరులపాడు దగ్గరి తన ఊరి నుంచి ఆటోలో వెళ్తుంది. అక్కడ డాక్టరుగారు తలెత్తకుండానే అడుగుతారు.

“వాకింగ్ చేస్తున్నారా?”

“లేదండి.”

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే ఆమె కొంప ముంచింది. చీటీలో ‘వాకింగ్ లేదు’ అని పడింది. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. మూడోసారి డాక్టరుగారు విసుక్కున్నారు.

“ఒళ్ళు వంచకపోతే ఎలా తగ్గుతుందమ్మా?” అని మాత్ర డోసు పెంచేశారు.

ఒళ్ళు వంచకపోవడమట! మిరప చేలో పొద్దున ఏడింటికి వంగిన నడుము అన్నాల వేళకు గానీ లేవదు. చేనికి మూడు కిలోమీటర్లు, ఇంటికి మూడు. మధ్యలో కాయల బస్తా నెత్తిన పెట్టుకుని కల్లానికి పది తడవలు. ఇవన్నీ చెప్పాలని జయమణికి తోచనే లేదు. నడకంటే ఏమిటో తెలియక కాదు. చేనికి పోవడం పని. పనికి కూలిస్తారు. కూలి పుచ్చుకుని చేసేది మందెలా అవుతుంది?

అసలైన వాకింగు ఎలా ఉంటుందో ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఆ చేను గల ఆసామి వెంకటరత్నంగారికీ పన్నెండేళ్ళుగా షుగరే. తెల్లారగానే తెల్లబూట్లు వేసుకుని, వట్టి చేతులు ఊపుకుంటూ తారురోడ్డు మీద వంతెన దాకా వెళ్తారు. అక్కడ ఏ పనీ చూసుకోకుండా వెనక్కి తిరిగి వచ్చేస్తారు. వచ్చేసరికి టిఫిను సిద్ధంగా ఉంటుంది.

ఒకరోజు కల్లం దగ్గర అడిగేసింది.

“అయ్యగారండీ, మీ షుగరు ఎంతుంటదండీ?”

“నూట పాతిక దాటనివ్వను. అంతా వాకింగే జయమణీ! నలభై ఐదు నిమిషాలు, ఒక్కరోజు కూడా తప్పను. నువ్వూ చెయ్యి.”

మనసులో ఏమీ పెట్టుకోకుండా చెప్పిన మంచిమాటే. అప్పటికి ఆమె నెత్తిమీద కాయల బస్తా ఉంది. దాని సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. ఆదివారం చర్చికి వేసుకునే చెప్పులు తీసి తొడుక్కుంటుంటే భర్త జ్ఞానయ్య నోరెళ్ళబెట్టాడు.

“ఇప్పుడేగా చేలోంచి వచ్చావు? మళ్ళీ ఎక్కడికే?”

“వాకింగుకి.”

వట్టి చేతులతో నడవడం ఆమెకు చేతకాలేదు. ఊపితే సిగ్గు, ఊపకపోతే అది వాకింగు అవుతుందో లేదోనని అనుమానం. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే చెప్పడానికి ఊరి పేరు లేదు. అయినా వంతెన ముట్టుకుని తిరిగి వచ్చింది. మూడు రోజులు అలాగే గడిచాయి.

నాలుగో రోజు వర్షం పడేలా ఉందని ముఠాను మూడింటిదాకా తిండికి లేవనివ్వలేదు. ఆకలి చచ్చి రెండు ముద్దలు తిందో లేదో, మళ్ళీ పనే. పెంచిన మాత్ర మాత్రం పొద్దున్నే కడుపులో పడింది. సాయంత్రం వంతెన దగ్గర జయమణికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. కూలబడిపోయింది. అదే ముఠాలో పనిచేసే రోజారమణి చూసి, పక్కనున్న టీకొట్లోంచి గుప్పెడు పంచదార తెచ్చి నోట్లో పోసింది. కాసేపటికి జయమణి లేచి కూర్చుంది.

లేచాక ఇంకా గందరగోళం. పంచదార ముట్టుకుంటే చస్తావన్నారు. పంచదారే కదా లేపింది! మందు మింగి, వాకింగు చేస్తే పడిపోవడమేమిటి?

తర్వాతి నెల నందిగామలో చీటీలు రాసే చోట నాగశ్రీ అనే కొత్త నర్సు ఉంది. పడిపోయిందని వినగానే పెన్ను పక్కన పెట్టింది.

“ఆ రోజు నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండమ్మా.”

జయమణి చెప్పింది. చేను, బస్తాలు, కల్లం, వంతెన. నాగశ్రీ పాత చీటీ తిరగేసి చూసింది.

“రోజూ ఇంతేనా?”

“కోతలున్నన్నాళ్ళూ ఇంతేనండి.”

“మరి నడక లేదని చెప్పారేంటమ్మా?”

“అది పనండి.”

నాగశ్రీ లోపలికి పరుగెత్తింది. డాక్టరుగారితో మాట్లాడి డోసు తగ్గించి రాయించుకొచ్చింది. తిండి తక్కువై, మాత్రా నడకా ఎక్కువై షుగరు మరీ పడిపోయిందని చెప్పింది. ఇక సాయంత్రం వాకింగు వద్దని, వేళకు తినమని చెప్పింది.

“వేళ నా చేతిలో ఉండదండి, ముఠా లేచినప్పుడే. ఒక్కమాట అడగనా మేడంగారూ?”

“అడగండి.”

జయమణి గోడవైపు చూపించింది. అక్కడి బొమ్మలో తెల్లబూట్ల మనిషి చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాడు.

“అలా నడిస్తే షుగరు రాదంటగా. నేను పన్నెండో ఏటి నుంచి నడుస్తూనే ఉన్నానండి, నెత్తిన బరువుతో. మరి నాకెందుకొచ్చిందండీ?”

నాగశ్రీ బొమ్మ వంక చూసింది, జయమణి పగిలిన మడమల వంక చూసింది. చీటీలో ‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని రాసింది.