కమీనీ అనే ముద్దుమాట

మేడ్చల్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసే ఆ షెడ్డులో జంగమ్మ తప్ప అందరూ బీహార్ ఆడపిల్లలే. పొద్దంతా వాళ్ళ హిందీ వినీ వినీ ఆమెకు సగం పట్టుబడింది. పట్టుబడి ఏం లాభం, మాట్లాడటానికి మనిషి ఉండాలి కదా. భర్త పోయాక ఇంట్లో టీవీ తప్ప మరో గొంతు లేదు. మధ్యాహ్నం ఆ పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చుని ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తింటారు. జంగమ్మకు మాత్రం మర్యాదగా పక్కన కుర్చీ వేసి, "ఆంటీజీ, ఆప్ బైఠియే" అంటారు. ఆ కుర్చీని ఏ దొంగైనా ఎత్తుకుపోతే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

ఆ గుంపులో రింకీ అంటే ఆమెకు ప్రాణం. రింకీ తోటి పిల్లలందరినీ "కమీనీ" అంటుంది. వాళ్ళూ నవ్వుతూ రింకీని అదే మాట అంటారు. మన దగ్గర దొంగమొహమా అన్నట్టు, తిట్టే గానీ అందులో కోపం లేదు. ఒక్కసారి తానూ ఆ మాట అని, తిరిగి అనిపించుకుంటే చాలు, నేలమీద తనకూ చోటు దొరికినట్టేనని జంగమ్మ ఆశ.

షామీర్‌పేటలో తన ఇంటి ఓనరు హజీరాను అడిగింది.

"హజీరమ్మా, గా మాట నేను గూడ అనొచ్చా?"

"దోస్తులనైతె అనొచ్చు. వేరేటోళ్లనంటె లొల్లయితది," అంది హజీరా బియ్యం చెరుగుతూ. "ముందుగాల దోస్తు గావాలె, ఎన్క తిట్టాలె."

"తిట్టకుంటె దోస్తు ఎట్లయితరు?"

"నీకేంటికి జంగమ్మా గీ పరేషాన్? పెద్దదానివి, పెద్దదాని లెక్క ఉండరాదు?"

పెద్దదానిలా ఉండీ ఉండీ కదా ప్రాణం విసిగింది.

ఒకరోజు ధైర్యం చేసి, వాళ్ళలో ఒకతెలా చనువుగా, "యార్, థోడా అచార్ దే నా" అని పచ్చడి అడిగింది. పిల్లలు నవ్వు ఆపుకున్నారు. పచ్చడి సీసా మొత్తం తెచ్చి, "లీజియే ఆంటీజీ" అని రెండు చేతులతో అందించారు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఇంతలో రింకీకి బీహార్‌లో వాళ్ళ ఊళ్ళో పెళ్ళి కుదిరింది. ఇక తిరిగి రాదు. వెళ్ళే రోజు ఏమనాలో జంగమ్మ బస్సులో కిటికీ వైపు తిరిగి పెదవుల్లోనే అప్పజెప్పుకుంది. కమీనీ, నన్ను మరిచిపోకు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడంటుంది?

సాయంత్రం గేటు దగ్గర రింకీ ఒక్కొక్కరినీ కావలించుకుని, వీపు మీద చరిచి, కమీనీ, కమీనీ అంటూ ఏడ్చింది. చివరన జంగమ్మ నిలబడి ఉంది. మాట నాలుక మీదికి వచ్చేసింది. చేతులు కూడా చాపింది.

రింకీ కళ్ళు తుడుచుకుని, చున్నీ తలమీదికి లాక్కుని, వంగి ఆమె కాళ్ళకు మొక్కింది.

చాపిన చేతులను జంగమ్మ ఆ పిల్ల తలమీద పెట్టింది.

"సల్లగుండు బిడ్డా," అంది.