తాళానికి చప్పట్లు కొట్టొద్దు

"నా చేతులు చూడండి. నేను కొడితేనే మీరు కొట్టాలి. అర్థమైందా?"

డ్వేన్ హ్రుస్కా ఈ మాట అనడం పొద్దుట్నించి ఏడోసారి. వెనక రెండు వరుసల్లో పసుపుపచ్చ చొక్కాలు తొడుక్కుని కూర్చున్న ముప్పై ఆరుమంది ఊరివాళ్ళూ బుద్ధిగా తలలూపారు. పాపం, ఒక్క పిల్ల కోసం అయోవా నుంచి ఇండియానాపొలిస్ దాకా ఎనిమిది గంటలు బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చారు. డ్రమ్ములు కొడుతూ, బ్యూగిల్ బాకాలు ఊదుతూ కవాతు చేసే దళాల పోటీ ఎలా ఉంటుందో వాళ్ళలో సగం మంది చూడటం ఇదే మొదటిసారి.

"చప్పట్లక్కూడా నీ పర్మిషనేనా బావా? మరి బాత్రూముకి ఎవర్ని అడగాలి?" అన్నాడు లైల్. డ్వేన్ భార్యకి తమ్ముడు. బస్సు మాట్లాడిందీ, చొక్కాలు అచ్చేయించిందీ అతనే. నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోదు.

"నవ్వులాట కాదురా. డానికా అక్కడ కింద డ్రమ్ము మీద కొట్టిన దెబ్బ ఇంత పైకి మన చెవిన పడేసరికే ఆలస్యం. దానికి మనం కొట్టే చప్పట్లు వెనక్కి దిగేసరికి ఇంకా ఆలస్యం. పైగా ఇది కప్పున్న స్టేడియం, గోడ గోడా మోగుతుంది. పిల్లల కాళ్ళు రెండు తాళాల మధ్య ఇరుక్కుని చస్తాయి. పాట అయ్యాక కావలిస్తే కుర్చీలు విరగ్గొట్టు. మధ్యలో మాత్రం తాళం వెయ్యొద్దు."

డ్వేన్‌కి ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. నలభై ఏళ్ళ కిందట ఇదే పైన్ లేక్ లాంతర్స్ దళంలో మణుగు బరువుండే బ్యూగిల్ భుజాన మోసి నడిచినవాడు. ఇప్పుడు అదే దళంలో కూతురు డానికా డ్రమ్ముల వరుసకి నడుమ నిలబడి అందరికీ తాళం ఇస్తోంది. ఆ పిల్లకి వచ్చే నెల ఇరవై రెండు నిండుతాయి. ఇరవై రెండు నిండితే ఏ దళంలోనూ చోటు లేదు, అంతే సంగతులు. ఇవాళ్టి పోటీలో మొదటి పన్నెండు దళాలే రేపు ఫైనల్స్‌లో ఆడతాయి. నిన్న లాంతర్స్‌ది సరిగ్గా పన్నెండో స్థానం. నిన్న పదమూడోదిగా నిలిచి, ఇవాళ వాళ్ళకి ముందు ఆడిన దళం మార్కులు అప్పుడే బోర్డు మీద పడ్డాయి. ఎనభై ఆరు పాయింట్ ఒకటి ఐదు. అది దాటితే డానికాకి రేపుంది, లేకపోతే ఈ పదకొండు నిమిషాలే ఆఖరు.

లాంతర్స్ మైదానంలోకి దిగారు. మొదటి బ్యూగిల్ మోత గుండెల మీదికి వచ్చి పడింది. లైల్ "అమ్మో!" అని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. డ్వేన్ మాత్రం మోత వినడంలేదు, కాళ్ళు చూస్తున్నాడు. నూట యాభైమంది కాళ్ళు. ఎక్కడ ఎవరు వెనకబడతారో, ఏ వరుస వంకరపోతుందోనని కళ్ళార్పకుండా చూస్తున్నాడు. జెండాలు తిప్పే పిల్ల ఒకతె గాల్లోకి విసిరిన తుపాకీబొమ్మ ఆరు చుట్లు తిరిగి, వేళ్ళ చివర తగిలింది. ఇంక జారిపోయిందే అనుకునేలోపల ఆ పిల్ల పట్టుకుంది. డ్వేన్ ప్రాణం లేచొచ్చింది. జడ్జి ఒకాయన డ్రమ్ముల పక్కనే నడుస్తూ చెవి ఒగ్గి వింటున్నాడు. ఒరే నాయనా, నా పిల్ల దారికి అడ్డం రాకు, అని డ్వేన్ పైనుంచే తిట్టుకున్నాడు.

నాలుగు నిమిషాలు. ఏడు నిమిషాలు. ఒక్క తప్పు లేదు. ఈ వేసవంతా ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఆడలేదు వీళ్ళు.

అప్పుడొచ్చింది నెమ్మది పాట. డ్రమ్ములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. డెబ్భైమంది బ్యూగిళ్ళు ఊదుతూ వెనక్కి, వెనక్కి నడుస్తూ మైదానం నిండా పెద్ద వలయం గీస్తున్నారు. వాళ్ళకి చూపు పనిచెయ్యదు, చెవే దిక్కు. ఆ చెవులన్నిటికీ ఆధారం డానికా ఒక్కతే, డ్రమ్ము అంచుమీద పుల్లతో టిక్కు, టిక్కు, టిక్కు. ఇరవై వేలమంది ఊపిరి బిగబట్టిన ఆ స్టేడియంలో ఆ చిన్న టిక్కు పైకప్పు దాకా వినపడుతోంది. నా పిల్ల, అనుకున్నాడు డ్వేన్. ఇంతమందిని ఒక్క పుల్లతో నడిపిస్తోంది నా పిల్ల! ఒళ్ళంతా పొంగిపోయింది. లోకం మరిచిపోయాడు.

అతని చేతులు కలిశాయి. ఒకటి. రెండు. మూడు.

వెనక ముప్పై ఆరు జతల చేతులు ఆ సైగ కోసమే కాచుకుని ఉన్నాయి. అందుకున్నాయి. పక్క వరుసలు అందుకున్నాయి. అటు చివరి వరుసల దాకా చప్పట్లు పాకిపోయాయి.

"వద్దు! ఆపండి!" డ్వేన్ లేచి రెండు చేతులూ ఊపాడు. అతను ఇంకా ఉత్సాహపరుస్తున్నాడనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. కింద వలయం ఎడమవైపు డానికాతో నడుస్తోంది, కుడివైపు చప్పట్లతో నడుస్తోంది. పాట మధ్యకి చీలిపోయింది. డానికా పుల్ల ఎత్తి అంచు విరిగేలా కొట్టింది, కొడుతూనే ఉంది. పదహారు దెబ్బలకి గానీ వాళ్ళని ఒక్కటి చెయ్యలేకపోయింది. ఆ తరవాత ముగింపు అదరగొట్టారు. జనం లేచి నిలబడ్డారు. డ్వేన్ మాత్రం కూలబడిపోయాడు.

బోర్డు మీద అంకె పడింది. ఎనభై ఆరు పాయింట్ ఒకటి సున్నా.

"అంటే?" అన్నాడు లైల్.

"మార్కులో ఇరవయ్యో వంతు తక్కువ," అన్నాడు డ్వేన్. "అయిపోయింది."

బస్సులు నిలిపిన చోట ఎండ ఇంకా చురచురమంటోంది. దళం వంట ట్రక్కులో డ్వేన్ భార్య నూట యాభైమందికీ పళ్ళేలు సర్దుతోంది, ఒక్కరూ అటు వెళ్ళడంలేదు. డానికా మెడలో డ్రమ్ము కూడా విప్పకుండా నేరుగా లైల్ మీదికి వచ్చింది.

"చప్పట్లు మన పసుపు చొక్కాల దగ్గరే మొదలయ్యాయి. నువ్వే కదూ మామయ్యా? నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

లైల్ ఒకసారి బావ మొహంలోకి చూశాడు. "నేనే తల్లీ. నా నోరూ ఆగదు, చేతులూ ఆగవు. నాలుగు తిట్టు."

తలొంచుకుని ఊరుకుంటే సరిపోయేది. ఒక్క క్షణం ఊరుకున్నాడు కూడా డ్వేన్. ఆ క్షణానికి తనంటే తనకే అసహ్యం వేసింది.

"వాడు కాదమ్మా. నేను."

డానికా తెల్లబోయింది. "నువ్వా? నడక రాకముందే నాకు ఇది నేర్పావు కద నాన్నా! ఎందుకు చేశావు?"

"ఆపుకోలేకపోయాను."

"ఆపుకోలేకపోయావా! ఎనభై రోజులు జిమ్ నేలల మీద పడుకుని నిద్ర ఆపుకున్నాం, ఎండలో ఆకలి ఆపుకున్నాం, ఏడుపు ఆపుకున్నాం. నువ్వు రెండు చేతులు ఆపుకోలేకపోయావా?" తండ్రి చొక్కా అందుకుంది. "నాకొక్కదానికి చెప్తే కాదు. ఇవాళ్టితో ఆఖరైనవాళ్ళం ఇరవై ఇద్దరం ఉన్నాం. రా."

సామాను ట్రక్కు వెనక దళమంతా గుండ్రంగా నిలబడి ఉంది. ఆఖరి ఏడాదివాళ్ళు మధ్యలో. ఏటా ఇది ఆనవాయితీ, బయటివాళ్ళు ఆ వలయంలోకి అడుగుపెట్టరు. డానికా తండ్రిని చొక్కా పట్టుకుని మధ్యలోకి తీసుకొచ్చి వదిలేసింది.

"ఆ చప్పట్లు మొదలెట్టింది నేను," అన్నాడు డ్వేన్. "కొట్టకూడదని తెలుసు. తెలిసి కొట్టాను. మీ రేపటి రోజు నేను పోగొట్టాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడంలేదు."

ఎవరో ఛీ అన్నారు. ఎవరో వెక్కారు. పెద్ద బ్యూగిల్ మోసే మారిసోల్, ఆమెకీ ఇదే ఆఖరు, కళ్ళు తుడుచుకుని అడిగింది.

"అంకుల్, పైనుంచి ఎలా వినపడింది? లోపల ఉండేవాళ్ళం, మాకెప్పుడూ మొత్తం వినపడదు."

అందరి తలలూ లేచాయి. డ్వేన్ మొదటి మోత దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. గుండె మీద ఎలా పడిందో, లైల్ కుర్చీలో ఎలా వెనక్కి వాలిపోయాడో, గాల్లో తుపాకీబొమ్మ తిరిగినంతసేపూ తన ప్రాణం ఎక్కడుందో. ఒకరిద్దరు నవ్వారు. వలయం దగ్గరికి జరిగింది. డానికా చేతులు కట్టుకుని మొహం తిప్పుకుని నిలబడింది, వెళ్ళిపోలేదు.

నెమ్మది పాట దాకా వచ్చి అతను ఆగిపోయాడు.

"చెప్పు నాన్నా," అంది డానికా, మొహం ఇటు తిప్పకుండానే. "అది ఎలా ఉంది?"