ఫిర్యాదుదారుడి యాంప్లిఫయర్

సైన్సు మాస్టారికి రెండు పిచ్చులు. ఒకటి దూరదేశాల రేడియో వినడం, రెండోది తప్పెప్పుడూ పక్కవాడిదే అనుకోవడం. సెలవుల్లో మొదటిది ముదిరి, డాబా మీద నిలువెత్తు యాంటెన్నా పాతారు. దాని మొదలు దగ్గర సొంతంగా తయారుచేసిన యాంప్లిఫయర్ బిగించారు. గాల్లో దొరికే సన్నటి సిగ్నల్‌ని పెంచి కింది గదిలోని రేడియోకి పంపడమే దాని పని.

కరెంటు ఇవ్వగానే రేడియో కీచుమంది. ఏ స్టేషన్‌కి తిప్పినా అదే కూత.

"ఇది కింద పళ్ళ డాక్టరు డ్రిల్లు పనే," అని మాస్టారు తేల్చేశారు.

వారం పాటు విసుక్కుని, తీరా అడగబోతే డాక్టరే ఎదురొచ్చాడు. "వారం నుంచి నా రేడియో కూడా కీచుమంటోంది మాస్టారూ. అది విని డ్రిల్లనుకుని, తెరిచిన నోరు టక్కున మూసేస్తున్నారు పేషెంట్లు."

"మీ డ్రిల్లు వల్లేనండీ అది!"

"డ్రిల్లు ఆపినా వస్తోందే?"

"మోటారు చల్లబడేదాకా వస్తుంది," అన్నారు మాస్టారు. అలాంటి సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లాడెవడైనా పరీక్షలో రాసుంటే సున్నా చుట్టేవారు కూడా.

"మీ పెట్టె ఒక్కసారి ఆపి చూడరాదూ?" అంది భార్య.

"ఇరవై రెండేళ్ళుగా సైన్సు చెబుతున్నవాడి పెట్టెలో లోపమా?" అంటూ మాస్టారు వైర్‌లెస్ ఆఫీసుకి మూడు పేజీల ఫిర్యాదు రాశారు. 'బాధ్యతలేని పౌరులు' అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

గురువారం పొద్దున్నే ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఒక చేతిలో చిన్న యాంటెన్నా, రెండో చేతిలో మీటరు. మాస్టారు పెళ్ళివారిని తీసుకెళ్ళినట్టు ఆమెను క్లినిక్ గుమ్మం దాకా తీసుకెళ్ళారు. మీటరు ముల్లు పెద్దగా కదల్లేదు. ఆమె యాంటెన్నాని నెమ్మదిగా మెట్ల వైపు తిప్పింది. ముల్లు లేచింది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ముల్లూ ఎక్కింది. డాబా మీద మాస్టారి యాంప్లిఫయర్ ముందు నిలబడేసరికి చివరికంటా కొట్టుకుంది.

"దీనికి కరెంటు తీస్తారా సార్?"

మాస్టారు తీశారు. ముల్లు పడిపోయింది. కింది నుంచి డాక్టరు రేడియోలో పాట శుభ్రంగా వినిపించింది.

గురివింద గింజ తన నలుపెరగదని మాస్టారు క్లాసులో ఎందరికి చెప్పారో! ఇప్పుడు ఆ గింజకి తనలాగే మీసాలు కూడా ఉన్నాయని తెలిసొచ్చింది.

ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంటూ మూత తీసింది. "ట్రాన్సిస్టర్ కాళ్ళు కొంగ కాళ్ళలా వదిలేశారేంటి సార్? లోపలికొచ్చే తీగా, బయటికెళ్ళే తీగా ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. బయటికెళ్ళిన సిగ్నల్ మళ్ళీ లోపలికి దూరి, తిరిగి పెరుగుతోంది. మైకుని స్పీకర్ ముందు పెడితే కూస్తుంది చూడండి, అలాగన్నమాట. మీ పెట్టె వినడం మానేసి అరుస్తోంది."

"మా ఇంట్లో అది కొత్త కాదమ్మా," అంది భార్య.

బళ్ళో మైకు కూసినప్పుడల్లా పిల్లల్ని కసురుకునేది మాస్టారే. ఆయన టంకం కడ్డీ వేడిచేశారు. ఆఫీసరమ్మ చెప్పినట్టే ట్రాన్సిస్టర్ కాళ్ళు పొట్టిగా కత్తిరించి, ఒక కాలికి కూతని మింగేసే చిన్న ఫెర్రైట్ పూస తొడిగారు. కరెంటు వచ్చే చోటే, కాలికి ఆనించి, కెపాసిటర్ అతికారు. రెండు తీగల్నీ చెరో వైపుకి లాగి, నడుమ రేకు ముక్క అడ్డం పెట్టారు. మళ్ళీ కరెంటు ఇస్తే ముల్లు బుద్ధిమంతుడిలా పడుకుంది.

ఆమె ఫారం చాపింది. ఫిర్యాదుదారు అన్న చోట మాస్టారు సంతకం పెట్టారు. కారకుడు అన్న చోట కూడా, కాస్త చిన్న అక్షరాలతో, ఆయనే పెట్టారు.

తర్వాత కిందికెళ్ళి డాక్టరుతో, "తప్పు నాదేనండీ," అన్నారు. ఆ రెండు ముక్కలూ పలకడానికి పన్ను పీకించుకున్నంత పనైంది.

"ఆ చల్లబడే మోటారు సంగతేంటి మాస్టారూ?"

"అది కూడా నాదేనండీ."

సాయంత్రం రేడియోలో ఎక్కడో దూరం నుంచి, ఎన్నడూ వినని భాషలో ఒకావిడ గొంతు తేటగా పలికింది. మాస్టారు కదలకుండా అరగంట విన్నారు.

"ఏమంటోందేంటి?" అంది భార్య.

"ఏమో. ఇవాళ నన్ను తప్పుపట్టని మనిషి ఈవిడొక్కతే. విననీ."