ఇక్కడ అంటే ఎక్కడ?

తోడికోడలు పెట్టిన కొత్త వీడియోని ఎంతమంది చూశారో ఇక చూడకూడదని పెద్దకోడలు పొద్దున లేస్తూనే గట్టిగా అనుకుంది. మొహం కడుక్కున్నాక ఒకసారి చూసింది. గిన్నెలు తోమాక చూసింది. బట్టలు ఆరేస్తూ, తడిచేతిని కొంగుకి తుడుచుకుని మళ్ళీ చూసింది. చూసినప్పుడల్లా ఆ అంకె పెరుగుతూనే ఉంది. తన వీడియో కింది అంకె మాత్రం నిన్న ఎక్కడ కూర్చుందో ఇవాళా అక్కడే కూర్చుంది, లేవడానికి ఒళ్ళు బరువైనట్టు.

పెళ్ళికి ముందు ఆమె ఒక ప్రెస్సులో డిజైనర్. పాంప్లెట్లు, సబ్బుపెట్టెల మీది బొమ్మలు, మందుసీసాల లేబుళ్ళు, ఏదైనా సరే ఆమె చేతిమీదుగా వెళ్ళిందంటే ప్రెస్సు యజమాని రెండోసారి చూసుకునేవాడు కాదు. పెళ్ళయి ఊరు మారాక ఆ పని పోయింది. పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో తెలుగులో చెబుతూ వీడియోలు చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో చప్పుడు చొరబడని చోటు పరుపులూ దుప్పట్లూ పేర్చిన గది ఒక్కటే. దానికీ వంటింటికీ మధ్య గోడ పల్చనే గానీ, మిగతా గదులకంటే నయం. పరుపుల మధ్య చిన్న బల్ల వేసుకుని, తలుపు గడియపెట్టి, ఒక్కో పాఠాన్నీ పాపిడి తీసినట్టు చక్కగా చెప్పేది. ఎక్కడా ఒక్క తప్పు దొర్లేది కాదు.

చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మౌస్ పట్టుకుంటే అది బల్లమీద నుంచి కింద పడేది. ఆ పిల్లకి నేర్పిందెవరు? తనే. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, పక్కన కుర్చీ లాక్కుని, స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ నొక్కు. ఇప్పుడు ఇటు లాగు. అదీ!" అంటూ అక్షరం దిద్దించినట్టు నేర్పింది. నేర్చుకున్న పిల్ల ఊరుకుందా? "అక్కా, నేనూ ఓ ఛానెల్ పెట్టుకోనా?" అంది. పెట్టుకోవే, దానికేం భాగ్యం అంది తను. అప్పుడు ఆ నోరెందుకు మూసుకోలేదో!

చిన్నకోడలి వీడియోల్లో పాఠం తక్కువ, కబుర్లెక్కువ అని పెద్దకోడలి అభిప్రాయం. "ఎడంచేతి పక్కన నిలువుగా ఓ పట్టీ ఉందాండీ? పైనుంచి మెల్లిగా దిగండి. వంగిపోయిన గరిటెలాంటి బొమ్మ కనబడిందా? ఆఁ, అదే!" అంటుంది. గరిటె! గీతలు గీసే పెన్ టూల్‌ని పట్టుకుని గరిటె అంటుందా! తప్పు నొక్కితే తనే పకపకా నవ్వుతుంది. కింద జనం కూడా నవ్వుతూ "మొదటిసారి అర్థమైందండీ" అని రాస్తారు. తన వీడియోల కింద రాసేవాళ్ళు అతి తక్కువ. వాళ్ళు కూడా "ఎక్కడ మేడమ్?" "ఏది నొక్కాలండీ?" అని తప్ప ఇంకో మాట రాయరు.

"అంత విడమరిచి చెబితే ఎక్కడా అంటారేంటండీ? కళ్ళు మూసుకుని చూస్తారా?" అని ఒకరోజు భర్త దగ్గర వాపోయింది.

"నీ దాంట్లో విషయం ఉంటుంది. చిన్నమ్మాయి దాంట్లో సరదా ఉంటుంది. అందుకని జనం..." అంటూ ఆయన భార్య మొహం చూశాడు. మిగతా మాట మింగేసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అన్నిటికంటే కడుపు మండించే సంగతి ఇంకొకటుంది. చిన్నకోడలికి తనమీద ఈర్ష్య లేదు. ఎవరు మెచ్చుకున్నా "అంతా మా అక్క పెట్టిన భిక్షేనండీ" అని చేతులు జోడిస్తుంది. అసూయ పడటానికి కూడా తను పనికిరానన్నమాట! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తనని చూసి ఆ మొహం మాడితే చూడాలని పెద్దకోడలికి ఎంత ఆశగా ఉండేదో చెప్పలేం.

ఇలా ఉండగా ఊళ్ళోని ప్రెస్సుల సంఘం సెక్రటరీ ఇంటికి వచ్చాడు. తమ దగ్గర పనిచేసే వాళ్ళందరి కోసం వరసగా వీడియో పాఠాలు చేయించాలని సంఘం అనుకుందట. "పని ఒక్కరికే ఇవ్వగలమండీ. ఇద్దరూ చెరో పాఠం చేసి తీసుకురండి. పాంప్లెట్ తయారుచేసి ప్రెస్సుకి పంపడం దాకా చెప్పాలి. మావాళ్ళ చేత చేయించి చూసి, ఎవరిది కుదిరితే వాళ్ళకిస్తాం" అన్నాడు.

ఆ పని తనకే రావాలనుకుంది పెద్దకోడలు. ప్రెస్సు వాళ్ళ నోట మళ్ళీ తన మాట వినబడాలి. తను ఒకప్పుడు చేసిన పని పెళ్ళికి ముందు సరదాగా చేసిన ఉద్యోగం కాదని ఈ ఇంట్లో అందరికీ తెలియాలి. చిన్నకోడలికి మరీ తెలియాలి.

వారం తిరక్కుండానే చిన్నకోడలు తన పాఠాన్ని ఆమె ఫోన్‌కి పంపింది. "అక్కా, ఓసారి చూసి తప్పులేమైనా ఉంటే చెప్పండి. మీరు చూస్తే నాకు ధైర్యం."

పెద్దకోడలు పరుపుల గదిలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. చివరికొచ్చేసరికి వీపు నిటారుగా అయింది. ప్రెస్సుకి పంపే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేయాలి. అంటే అక్షరాన్ని అక్షరంగా కాక, గీసిన బొమ్మలా మార్చేయాలి. లేకపోతే అవతలి కంప్యూటర్లో ఆ ఫాంట్ లేనప్పుడు వత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. చిన్నకోడలు ఆ పని చేయనే లేదు. ఇంట్లో ఫైలు ఇంట్లోనే తెరుచుకుని ముచ్చటపడే పిల్లకి ఆ అవసరం ఎప్పుడొచ్చింది గనక! పెద్దకోడలు మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. లేదు. నిజంగా లేదు. కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది.

హాల్లోకి వచ్చి, "బాగుంది" అంది.

"నిజంగానా అక్కా? ఏం మార్చక్కర్లేదా?"

"చెప్పానుగా, బాగుందని."

సంఘం ఆఫీసులో గోడకి పెద్ద స్క్రీను, దాని ముందు కంప్యూటర్లు. ముందు చిన్నకోడలి పాఠం పెట్టారు. డీటీపీ చేసే కళ్ళజోడావిడ వింటూ, నవ్వుతూ, చకచకా చేసుకుపోయింది. "స్వచ్ఛమైన నీళ్ళు, మీ ఇంటి ముందుకే" అని నీళ్ళ వ్యాపారి పాంప్లెట్ ముద్దుగా తయారైంది. ఫైలు పక్కగదిలోని ప్రెస్సు కంప్యూటర్‌కి వెళ్ళింది. కాగితం బయటికొచ్చింది. సెక్రటరీ దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. 'స్వచ్ఛ'లో వత్తులు రెండూ ఊడి పక్కకి దొర్లాయి, 'నీళ్ళు'లో ళ కింది వత్తు ఎటో వలసపోయింది.

"ఈ నీళ్ళు తాగితే గొంతుకి అడ్డం పడేట్టున్నాయే" అన్నాడు సెక్రటరీ. గదంతా నవ్వింది. చిన్నకోడలి మొహం పాలిపోయింది. పెద్దకోడలు మాత్రం సర్దుకుని కూర్చుంది. ఇక తన వంతు.

పాఠం మొదలైంది. తన గొంతే, స్పష్టంగా, తొణక్కుండా: "ముందుగా ఇదిగో, ఇక్కడ నొక్కండి. తర్వాత దీన్ని పట్టుకుని ఇటు లాగండి. చూశారుగా? ఇప్పుడు ఇక్కడికి రండి."

కళ్ళజోడావిడ మౌస్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇక్కడ అంటే ఎక్కడండీ?"

"అదే, అక్కడే!" అంది పెద్దకోడలు కూర్చున్న చోటు నుంచి.

"ఏదండీ?"

ఇక ఓపిక పట్టలేక లేచి, గోడమీది స్క్రీన్ దగ్గరికి విసవిసా వెళ్ళి వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడేనండీ! ఇందాకటి నుంచి చూపిస్తూనే ఉన్నాను కదా!"

"ఆఁ, ఇప్పుడు కనబడిందండీ. ఇందాక మీ వేలు రాలేదు మరి" అంది కళ్ళజోడావిడ, అమాయకంగానే.

పెద్దకోడలి వేలు స్క్రీన్ మీదే ఆగిపోయింది. కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచేతి వేలు స్క్రీన్ మీద, ఆమె పాఠాలు చెప్పే పద్ధతే అది. రికార్డయ్యేది స్క్రీన్ మీది బొమ్మ, అందులో కంటికి ఆనని చీమంత మౌస్ బాణం. స్క్రీన్ ముందు ఆడే వేలు కాదు. ఇన్నాళ్ళుగా ఒక్క పాఠంలోనూ తన వేలు లేదు! ఎక్కడ మేడమ్, ఏది నొక్కాలండీ అని అడిగిన వాళ్ళంతా ఒక్కసారిగా వచ్చి ఆ గదిలో నిలబడ్డట్టయింది.

"పాఠంతోపాటు వేలు కూడా పంపిస్తే సరిపోయేది" అన్నాడు సెక్రటరీ. అందరూ మళ్ళీ నవ్వారు. "చిన్నావిడ పాఠంతో కాగితం పాడైంది. పెద్దావిడ పాఠంతో కాగితం దాకా రానేలేదు. ఆదివారం దాకా ఆగుతాం. ఇద్దరూ మళ్ళీ చేసి పంపండి."

బయట రోడ్డు మీదికి వచ్చాక పెద్దకోడలు ఉండబట్టలేక అడిగింది. "నా వేలు పడట్లేదని నీకు ముందే తెలుసు కదూ?"

"లేదక్కా, ఒట్టు. మీరు ఇక్కడ అనగానే నాకు మీ వేలు కనబడిపోతుంది. పక్కన కూర్చుని నేర్చుకున్నాను కదా." నాలుగడుగులు వేసి చిన్నకోడలు ఆగింది. "మరి నా దాంట్లో తప్పు మీకు తెలీదా?"

పెద్దకోడలు చెప్పు సరిచేసుకునే నెపంతో కిందికి వంగింది.

"బాగుందన్నారుగా!"

"గొంతు బాగుందన్నాను."

చిన్నకోడలు ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, వెనక్కి తిరక్కుండా ముందుకు నడిచివెళ్ళిపోయింది.

"ఏమైందర్రా? చెరో గోడకీ మొహాలు పెట్టుకు కూర్చున్నారు?" అని, ఇంటికి చేరాక ఇద్దరి వాలకం చూసి అత్తగారు అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు పరుపుల గదిలో మళ్ళీ మొదలుపెట్టింది. వేలు లేవకుండా ఎడమచేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంది. "ముందుగా ఇదిగో, ఇక్కడ..."

"ఎక్కడ?" అని వంటింట్లోంచి అరుపు వినబడింది.

పెద్దకోడలు పళ్ళు నూరుకుంది. చెరిపేసి మళ్ళీ చెప్పింది. "పై వరసలో ఉన్న..."

"ఏ పక్క?"

"ఏమే చిన్నమ్మాయ్, అక్క పనిచేసుకుంటుంటే ఆ కేకలేంటి?" అంది అత్తగారు.

"నేనేమన్నానత్తయ్యా? ఉప్పుడబ్బా ఏ పక్కనుందా అని వెతుక్కుంటున్నాను."

"నీ చేతిలో ఉన్నదేంటే మరి?"

పెద్దకోడలికి కోపం నషాళానికంటింది. కానీ ఏమని అంటుంది? పై వరసలో, కుడి చివర, చతురస్రం ఆకారంలో ఉన్నది అని చెప్పింది. అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత మాట నోరుజారి "ఇటు లాగండి" అన్నప్పుడు మళ్ళీ "ఎటు?" అని వినబడింది. ఆ మధ్యాహ్నమంతా అలాగే సాగింది. కసికొద్దీ అరుస్తోందని తెలుసు. కానీ అరుపు వచ్చిన ప్రతిచోటా పాఠంలో ఒక కన్నం ఉంది, అది పూడిస్తే తప్ప ముందుకు వెళ్ళడానికి మనసొప్పలేదు.

ఆఖరికి కర్వ్స్ దగ్గరికొచ్చింది. గోడ పల్చనిది. ఇక్కడ గొంతు కాస్త తగ్గిస్తే అవతలికి వినబడదు. పెద్దకోడలు మైకు దగ్గరికి వంగింది కూడా. కానీ గొణిగితే పాఠంలో గొణుగుడే పడుతుంది. తెలిసి తెలిసి పాఠాన్ని పాడుచేయడం ఆమె వల్ల కాలేదు. నిటారుగా కూర్చుని, ఎందుకు చేయాలో, చేయకపోతే ఏమవుతుందో, ఏ వరసలో ఎన్నోది నొక్కాలో గట్టిగా చెప్పింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పాఠం అయ్యేదాకా మళ్ళీ వినబడలేదు.

ఇద్దరూ పంపారు. సోమవారం సెక్రటరీ పెద్దకోడలికి ఫోన్ చేశాడు.

"ఈసారి ఇద్దరి కాగితాలూ శుభ్రంగా వచ్చాయి. కానీ చిన్నావిడ పాఠానికి మావాళ్ళు నవ్వుతూ కూర్చున్నారండీ. మీ పాఠానికి పనిచేసుకుంటూ కూర్చున్నారు. మాకు పనే కావాలి మరి."

హాల్లోకి వచ్చి ఆ మాట చెప్పింది. భర్త చప్పట్లు కొట్టాడు. అత్తగారు దగ్గరికి పిలిచి తల నిమిరింది. చిన్నకోడలు "మంచిదక్కా" అని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి గిన్నెలు ఒకదానిమీద ఒకటి పడటం మొదలైంది.

పెద్దకోడలు వెళ్ళి గుమ్మంలో నిలబడింది. "ఏమే, ఆ గిన్నెలేం చేశాయి నిన్ను?"

"ఏం లేదు." మూత ఒకటి ధన్‌మని పడింది. "నాకు కుళ్ళుగా ఉందక్కా."

తలనొప్పిగా ఉందన్నంత తేలిగ్గా అనేసింది. పెద్దకోడలు ఇన్నాళ్ళూ నాలుక చివరికి కూడా రానివ్వని మాట అది.

"మీరు నేర్పకపోతే నాకు మౌస్ పట్టడం కూడా రాదు, తెలుసు. మీరు చేసిన పనికి కోపమూ ఉంది. అది వేరు. ఇది మాత్రం ఒట్టి కుళ్ళు. మిమ్మల్ని చూడబుద్ధి కావట్లేదు" అంది చిన్నకోడలు, గోడవైపే చూస్తూ.

చూడాలనుకున్న మొహం అదే. తీరా కనబడితే, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టుంది.

"ముందు ఫోన్ తీసి బీరువాలో పెట్టెయ్. పొద్దున లేవగానే నా వీడియో ఎంతమంది చూశారా అని చూస్తావు. చూడకు. ఒకసారి చూశావా, సాయంత్రం దాకా చూస్తూనే ఉంటావు. కామెంట్ల జోలికి అసలు వెళ్ళకు. నన్నెవరైనా మెచ్చుకుంటుంటే లేచి వచ్చెయ్. కూర్చుని నవ్వావంటే దవడలు లాగేస్తాయి. మధ్యాహ్నం ఎక్కువవుతుంది. అన్నం సయించదు, అయినా తినాలి. ఇంట్లో మగాళ్ళకి మాత్రం చెప్పుకోకు, లాభం లేదు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చేతిలో గిన్నెతోనే ఇటు తిరిగింది. "ఇవన్నీ మీకెలా తెలుసు?"

పెద్దకోడలు తడిగిన్నె ఒకటి అందుకుని తుడవసాగింది.

"అక్కా! నామీదా?"

"మరి ఎవరిమీద? అత్తగారి మీదా?"

"నన్నెందుకు లాగుతారే మధ్యలో?" అంది హాల్లోంచి అత్తగారు.

చిన్నకోడలికి నవ్వాలో ఏడవాలో తెలిసినట్టు లేదు. రెండూ కాకుండా ముక్కు ఎగబీల్చి, "మరి తగ్గిందా మీకు?" అని అడిగింది.

పెద్దకోడలు నిజంగానే కాసేపు ఆలోచించింది.

"ఇవాళ కొంచెం" అంది.